ఎర్ర జుట్టు సినిమా గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం మొన్న రాత్రి చదివా, పొద్దున్నే లేచి మళ్ళీ చదివా, కోపం తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. 1928లో హాలీవుడ్ నటి క్లారా బో చేసిన 'రెడ్ హెయిర్' అనే మూకీ గురించి బరంపురంలో కూర్చుని తెలుగులో రాయాలనిపించింది చూడు, అది బాగుంది. కానీ మూడో పేజీలో "ఆమె కనురెప్పలు వణికాయి, హాలంతా ఊపిరి బిగపట్టింది" అన్నావు. ఎక్కడ చూశావమ్మా? ఆ సినిమా రీళ్ళే పోయాయి కదా!

గోళ్ళు దిద్దే పని చేసుకునే పిల్ల, ముగ్గురు పెద్దమనుషులు ఆమెకి బహుమతులిస్తుంటారు, తీరా చూస్తే ఆ ముగ్గురూ ఆమె ప్రేమించిన కుర్రాడి గార్డియన్లే. కథ ఇదీ అని తెలుసు. ఆ పిల్ల ఎలా నవ్విందో, ఎక్కడ ఆగిందో తెలీదు. నలుపు తెలుపు సినిమాలో ఎర్ర జుట్టు ఎలా కనిపిస్తుందని ఒక్క సీన్ టెక్నికలర్లో తీశారు, ఇవాళ మిగిలింది ఆ రంగు ముక్కా, కొన్ని స్టిల్సూ. పేరులో ఉన్న రంగే మిగిలి సినిమా పోయింది, నాకైతే గుండె పట్టేసింది, నువ్వు దాన్ని ఒక్క లైన్లో దాటేసి కనురెప్పల దగ్గరికెళ్ళిపోయావు.

అప్పటి ఫిల్మ్ నైట్రేట్‌ది, ఇట్టే అంటుకుంటుంది, అంటుకోకపోయినా డబ్బాలోనే కుళ్ళిపోతుంది. టాకీలొచ్చాక మూకీలకి విలువ లేదని పారేశారు, వెండి కోసం కరిగించేశారు. అమెరికాలో దాదాపు 11,000 పూర్తి నిడివి మూకీలు తీస్తే అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది. మన 1921 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా అలాగే పోయింది. పోయినదాన్ని పోయిందనే రాయాలి, నేను నలభై ఏళ్ళుగా ఇదే మొత్తుకుంటున్నా.

ఎందుకంటే నేనా తప్పు చేశా. పర్లాకిమిడి దగ్గర డేరాలో చూసిన ఒక మూకీ గురించి మా తాత సగమే చెప్పేవాడు, చివర ఏమైందో గుర్తులేదనేవాడు. నా పాతికేళ్ళప్పుడు అది రాసి ఒక వారపత్రికకి పంపిస్తే ఎడిటర్ గారు "ముగింపు లేకపోతే ఎవడు చదువుతాడయ్యా" అని తిప్పి పంపారు. నేనే పెళ్ళి సీన్ ఒకటి కల్పించి అతికించా, వెంటనే అచ్చయింది. మా ఇంట్లో పిల్లలందరూ ఇప్పుడు తాత పేరు మీద ఆ పెళ్ళి సీనే చెప్పుకుంటున్నారు. తాత పోయాడు. ఆయన చెప్పిందేదో, నేను కలిపిందేదో నాకే సరిగ్గా తెలీదిప్పుడు. ముగింపు కావాలి, మలుపు కావాలి అని వేధించే ఎడిటర్లని ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ క్షమించలేను.

ఇంకోటి. మీ ముత్తాత 1929లో "ఒడిశాలోని బరంపురంలో" ఈ సినిమా చూశాడని రాశావు. ఒడిశా వేరే రాష్ట్రమయింది 1936 ఏప్రిల్ 1న, అప్పటిదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ. సరే, అది దిద్దుకోవచ్చు. ఆయన చూసింది ఈ సినిమానే అని ఎవరు చెప్పారు? "ఏదో దొరసాని బొమ్మ" అనేవాడని నువ్వే మొదటి పేజీలో రాశావు కదా, మరి ఆ మాటే ఉంచవే! మొత్తం వ్యాసంలో నాకు కళ్ళు చెమర్చింది ఆ మాట దగ్గరే.

ఏ పత్రికకి పంపాలి, పేరేం పెట్టాలి అనడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు మీ తాతయ్య దగ్గర కూర్చుని, వాళ్ళ నాన్న ఆ బొమ్మ గురించి ఇంకేం అనేవాడో అడుగు. ఆయన తడుముకుంటే నువ్వు మాట అందించకు. గుర్తులేదంటే గుర్తులేదనే రాసుకో. ఆ నోట్‌బుక్ తీసుకుని పర్లాకిమిడి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మాస్టారు