అంత సంపద ఉన్న క్రీసస్‌ను సోలోన్ ఎందుకు సుఖవంతుడని ఒప్పుకోలేదు?

ఇది ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ చెప్పిన కథ. లిడియా (ఇప్పటి టర్కీ పడమటి భాగం) రాజు క్రీసస్ తన ఖజానా అంతా చూపించి, లోకంలో అందరికన్నా ధన్యుడెవరని ఏథెన్స్ నుంచి వచ్చిన శాసనకర్త సోలోన్‌ను అడిగాడు. సోలోన్ చెప్పింది టెల్లస్ అనే ఏథెన్స్ పౌరుడి పేరు: మంచి కొడుకులు, బతికున్న మనవలు, ఊరి కోసం యుద్ధంలో మరణం, ప్రజలే చేసిన అంత్యక్రియలు.

సోలోన్ వాదన ఇది. 70 ఏళ్ల ఆయుష్షంటే 26,250 రోజులు (అధిక మాసాలు మరీ ధారాళంగా కలిపిన లెక్క!), అందులో ఏ రోజూ ఇంకోదానిలా ఉండదు. పైగా దేవతలు అసూయాపరులు. కాబట్టి చనిపోయేదాకా ఎవరినైనా అదృష్టవంతుడు అనొచ్చు గానీ, ధన్యుడని అనకూడదు.

తర్వాత క్రీసస్ కొడుకు వేటలో చనిపోయాడు. పర్షియా మీదికి వెళ్తే ఒక మహాసామ్రాజ్యం కూలుతుందని డెల్ఫీలోని అపోలో దేవుడి గుడి దైవవాక్కు చెబితే, ఎవరిదని అడగకుండానే బయల్దేరాడు. క్రీ.పూ. 546 ప్రాంతంలో పర్షియా రాజు సైరస్ లిడియా రాజధాని సార్డిస్‌ను పట్టుకున్నాడు. అసలు కీలకం, నా దృష్టిలో, డెల్ఫీ ఇచ్చుకున్న సంజాయిషీ: ఐదు తరాల కిందట రాజును చంపి సింహాసనమెక్కిన పూర్వీకుడు గైజెస్ పాపం ఇప్పుడు తీరింది, అపోలో అంతటివాడు కూడా దాన్ని మూడేళ్లు వాయిదా వేయించగలిగాడు, అంతే.

ఈ భేటీ నిజంగా జరిగిందా అన్నది అనుమానమే. సోలోన్ ఆర్కన్‌గా (ఏథెన్స్ ప్రధానాధికారిగా) ఉన్నది క్రీ.పూ. 594లో, క్రీసస్ గద్దెనెక్కింది సుమారు 560లో; మధ్య ముప్పై ఏళ్లకు పైగా తేడా.