ఆ ఫోన్ ఎవరిది?

ప్రశ్న: మేడమ్, ఆఫీసులో ఒకమ్మాయి ఇస్తే జర్మన్ రచయిత డానియెల్ కెల్మన్ 'ఫేమ్' ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాను. నవల అన్నారు, చూస్తే తొమ్మిది కథలు. మూడో కథలో రచయితే వచ్చి పాత్రతో మాట్లాడుతున్నాడు. ఇది కథా, గారడీయా? పక్కన పెట్టేయనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: పెట్టేయకండమ్మా. ముందు మొదటి కథలోని సెల్‌ఫోన్ వెంట వెళ్లండి. కంప్యూటర్లు బాగుచేసే ఎబ్లింగ్ కొత్తగా ఫోన్ కొంటే వేరేవాళ్ల నంబర్ వచ్చింది. రాల్ఫ్ ఉన్నాడా అని ఒకటే ఫోన్లు. మొదట రాంగ్ నంబర్ అన్నవాడు, తర్వాత రాల్ఫ్‌లాగే జవాబులు చెబుతాడు. నాలుగో కథకొస్తే ఆ రాల్ఫ్ టానర్ ఒక సినిమా హీరో. ఫోన్లు ఆగిపోయి, తన వేషం తనే కట్టి స్టేజి ఎక్కుతాడు!

నేను కోడంబాక్కంలో డబ్బింగ్ చెప్పే రోజుల్లో ఒక హీరోయిన్‌కి వరసగా నా గొంతే. వడపళని కూరల కొట్లో మా అమ్మాయితో "బెండకాయలు ముదిరిపోయాయే" అన్నాను. పక్కనున్న తెలుగావిడ గిరుక్కున తిరిగి, నా భుజం మీదుగా ఆ హీరోయిన్ కోసం వెతికింది. నా వైపు చూడనే లేదు. టానర్ కథ నాకు అంతగా పట్టిందంటే అందుకే.

ఇక మీ మూడో కథ. క్యాన్సర్ వచ్చిన రోజలీ అనే పెద్దావిడ చావుకు సాయం చేసే సంస్థ ఉన్న జ్యూరిచ్‌కి బయల్దేరి, నన్ను బతికించమని రచయితను నిలదీస్తుంది. మన సావిత్రి కూడా యముణ్ణి ఇలాగే వదల్లేదు. కాకపోతే యముడికి ధర్మం తెలుసు, ఈ రచయితకి కథ బాగా కుదరడమే ముఖ్యం. ఏం జరిగిందో నేను చెప్పను. రెండో కథలో లియో రిక్టర్ అనే రచయితను అతని స్నేహితురాలు 'నన్ను కథల్లో పెట్టొద్దు' అని బతిమాలుతుంది, గుర్తుందా? ఆ భయం మనసులో పెట్టుకుని రోజలీని మళ్లీ చదవండి, గారడీ అనిపించదు.

2005లో 'మెజరింగ్ ది వరల్డ్' విపరీతంగా అమ్ముడై కెల్మన్‌కి పెద్ద పేరొచ్చింది. 'ఫేమ్' జర్మన్‌లో 2009లో వచ్చింది. పేరు మీద ఆయనకున్న అనుమానం ఊరికే పుట్టింది కాదనుకుంటాను.

ఐదో కథ మాత్రం రాత్రిపూట చదవకండి. రిక్టర్ బదులు మధ్య ఆసియాకు వెళ్లిన రచయిత్రి ఫోన్ చార్జర్ మర్చిపోతుంది. బ్యాటరీ అయిపోతున్నకొద్దీ నాకు ఒకటే టెన్షన్. ఏడోది, ఇంటర్నెట్ పిచ్చివాడి గోల, విసిగిస్తే దాటేయండి, నేనూ అదే చేశాను.

ఇది నచ్చితే 'మీ అండ్ కమిన్‌స్కీ' చూడండి. ముసలి చిత్రకారుడు పోతే తన పుస్తకం బాగా అమ్ముడవుతుందని కాచుకున్న జీవితచరిత్రకారుడి కథ. ఇందిరానగర్‌లోని జర్మన్ సాంస్కృతిక కేంద్రం మాక్స్ ముల్లర్ భవన్ లైబ్రరీలో అడిగి చూడండి.