యాజమాన్యాల తరఫున పని మొదలుపెడుతున్న మేనకోడలికి

అమ్మాయికి ఆశీస్సులు.

యాజమాన్యాలకు సలహాలిచ్చే లాయరు దగ్గర చేరుతున్నావని తెలిసి మీ అమ్మ "కార్మికుల ఉసురు పోసుకునే పని" అందట. ఆ మాట నీకు గుచ్చుకుందని ఫోనులో నీ గొంతే చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి, నాకు తెలిసింది రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం ఫోను వస్తుంది. "మేడమ్, ఫలానా ఆయన సోమవారం నుంచి మాకు వద్దు, ఒక లెటర్ తయారుచేసి పంపండి" అంటారు. వెంటనే పంపకు. ఆయన సర్వీసు ఎంత? హోదా సంగతి అలా ఉంచి, రోజంతా ఆయన చేసే పని ఏమిటి? ఇంతకుముందు ఆయనకు రాతపూర్వకంగా ఏమిచ్చారు? దీనికి ఆయన ఏమంటున్నారు? ఈ చివరి ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబుండదు. ఎక్కువ కేసులు అక్కడే ఓడిపోతాం.

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ. లేత్ మెషిన్ మీద పనిచేసే మనిషి పన్నెండు రోజులు రాలేదు. వరుసగా ఎనిమిది రోజులు రాకపోతే ఉద్యోగం వదులుకున్నట్టేనని స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఫ్యాక్టరీ ఉద్యోగ నియమాల్లో, ఉందని మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు కొట్టేశారు. వ్యవహారం కోర్టుకెక్కాక ఫైలు నా చేతికొచ్చింది. అందులో ఉన్నది ఒకే ఒక రిజిస్టర్డ్ కవరు. ఇంటికి తాళం వేసి ఉందని పోస్ట్‌మాన్ నీలి సిరాతో రాసి తిప్పి పంపాడు. ఆ కవరు అంటించినది అంటించినట్టే ఉంది. విప్పి చూస్తే ఇంగ్లీషు నోటీసు. ఆయన చదివింది ఐదో తరగతి, అదీ తెలుగులో. ఆ పన్నెండు రోజులూ ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కనే ఉన్నాడు. పక్క మెషిన్ మీది మనిషికి ఆ సంగతి తెలుసు, సూపర్‌వైజర్‌కూ తెలుసు. అడిగినవాళ్లే లేరు.

స్టాండింగ్ ఆర్డర్లలో ఉన్నా సరే, సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా ఇలా పేరు కొట్టేయకూడదని డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. మేం ఓడిపోయాం. ఓడిపోవడమే న్యాయం. ఆయన మళ్లీ మెషిన్ ఎక్కేసరికి జుట్టు నెరిసింది.

అందుకే ఛార్జిషీటు, అంటే కార్మికుడి మీద ఆరోపణలు రాసి యాజమాన్యం ఇచ్చే కాగితం, ఆ మనిషి చదవగలిగే భాషలో ఉండాలి. ఏ తేదీ, ఏ షిఫ్టు, ఏ చోట, ఎవరి ఎదుట ఏం జరిగిందో అందులో ఉండాలి. "క్రమశిక్షణ లేదు" అన్న ఒక్క ముక్క ఎందుకూ పనికిరాదు. ఫిర్యాదు చేసినవాడే విచారణాధికారిగా కూర్చోకూడదు. సాక్షిని ప్రశ్నించే అవకాశం కార్మికుడికి ఇవ్వాలి, ప్రతి పేజీ మీద ఆయన సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే ఆ మాటే రాయాలి.

ఇంకో సంగతి నీకు కాలేజీలో ఎవరూ నొక్కి చెప్పి ఉండరు. కార్మిక శాఖ అధికారి ముందు రాజీ చర్చలు జరిగేటప్పుడు లాయరుకు ప్రవేశం లేదు. లేబర్ కోర్టులోనూ అవతలి పక్షం ఒప్పుకొని, కోర్టు అనుమతిస్తేనే నిలబడగలవు. నీ క్లయింటు తరఫున అక్కడ మాట్లాడేది హెచ్.ఆర్. మేనేజరు, ఆయన చేతిలోని కాగితాలు. నీ వాదనంతా నెలల ముందే ఆ కాగితాల్లోకి చేరిపోవాలి.

మాదాపూర్ వైపు కంపెనీల్లో తరచు వినే మాట, "రాజీనామా రాయించుకున్నాం, గొడవ లేదు." ఎక్కడ రాయించుకున్నారు, ఎంతసేపు గదిలో కూర్చోబెట్టారు, ల్యాప్‌టాప్ అంతకుముందే లాగేసుకున్నారా అని అడుగు. నిమిషాల్లో తెప్పించుకున్న రాజీనామా బలవంతపుదని తేలితే, అది తొలగింపే అవుతుంది. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు రాయమని కూడా అడుగుతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలవదని చెప్పు. క్లయింటు ముఖం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాలు వాటిలో కలిశాయి. ఉద్యోగం పోయినా, మానేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. పాత నియామక పత్రాలన్నీ మళ్లీ చదివించు. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి ఆఫీసులో లైంగిక వేధింపుల మీద మహిళల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉందో లేదో మొదటి రోజే కనుక్కో. గోడకు వేలాడే కమిటీ సభ్యుల పేర్లలో సగంమంది ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు.

మీ అమ్మ మాటకు జవాబు నా దగ్గర ఒకటే ఉంది. తీసేయాలని నిర్ణయించుకున్న యజమానిని ఆపి, ఆ మనిషిని పిలిచి అడిగించగలిగేది చాలాసార్లు అతని లాయరే. అక్కడ ఇంకెవరి మాటా వాళ్ల చెవికెక్కదు. ఆ గదిలో లేనివాడి తరఫున అడగవలసింది నువ్వే.

వీలైన రోజు నాంపల్లి చంద్రవిహార్‌కు వెళ్లి, లేబర్ కోర్టులో వెనక బెంచీలో కూర్చుని ఒక పూట విను. ఆదివారం ఇంటికి రా. నువ్వు రాసిన మొదటి ఛార్జిషీటు చిత్తుప్రతి తెచ్చుకో. సెక్షన్ల సంగతి తర్వాత, ముందు తేదీ, షిఫ్టు చూద్దాం.

నీ మామయ్య