ఇ-సిగరెట్ అటామైజర్‌ను ఎన్నిసార్లు కడిగినా మాడు వాసన పోవడం లేదు, ఎలా శుభ్రం చేయాలి?

పోదు తమ్ముడూ. వేడినీళ్లు అయ్యాయి, నిమ్మరసం అయింది, వంటసోడా కూడా అయిందని రాశారు. ఇంకో పది రకాలు వేసి కడిగినా పోదు. ఎందుకో మా అవ్వ నాకు ఒక్క ముక్కలో చెప్పింది. మా దిక్కు అమ్మనే అవ్వ అంటాం.

నేను ఏసీ మెకానిక్‌ని. ఇప్పుడు హన్మకొండలో చిన్న షాపు ఉంది. అంతకుముందు ఆరేళ్లు దుబాయ్‌లో ఇదే పని చేశాను. సిగరెట్ మానాలని అక్కడ ఇ-సిగరెట్ పట్టుకున్నాను. మానలేదు, కొన్నాళ్లు రెండూ తాగాను. ఆ సంగతి వదిలేయండి.

2019 మే నెలలో సెలవు మీద కోరుట్ల దగ్గర మా ఊరికి వచ్చాను. అప్పటికి ఇక్కడ కేంద్రం నిషేధం ఇంకా రాలేదు. వచ్చిన నాలుగో రోజుకే పొగ రుచి మారింది. ముందు తీపి తగ్గింది. తర్వాత మాడిన అట్టముక్క నమిలినట్టు అయింది. చివరికి ఒక గుక్క లాగితే గొంతులో కారప్పొడి కొట్టినట్టు దగ్గు. ఇ-సిగరెట్‌లో లిక్విడ్‌ను పొగ చేసే భాగం అటామైజర్, అందులో వేడెక్కేది కాయిల్. కొత్త కాయిల్స్ రెండు ఉండేవి, వాటిని దుబాయ్ గదిలోనే మరిచి వచ్చాను.

ఇంత పెద్ద ఏసీ కాయిళ్లు కడిగేవాడిని, గోరంత కాయిల్ ఒక లెక్కా అనుకున్నాను. వేడినీళ్లలో నానబెట్టాను, లాభం లేదు. కోరుట్లలో ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపుకెళ్లి, బోర్డులు తుడవడానికి వాళ్లు వాడే ఐపీఏ, అదే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న సీసాలో పోయించుకొచ్చి రాత్రంతా అందులో పడేశాను. పొద్దున చూస్తే అది డికాషన్ రంగుకు తిరిగింది. మురికంతా దిగిందని తెగ మురిసిపోయాను. రెండు గంటలు ఎండలో పెట్టి, లిక్విడ్ నింపి ఒక్క గుక్క లాగాను. ముందు స్పిరిట్ ఘాటు, దాని వెనకే అదే మాడు వాసన. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అవ్వ వాకిట్లో వేపచెట్టు కింద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని.

"ఏందిరా కొడుకా అది, పొద్దటిసంది కడుగుతనే ఉన్నవ్?"

"వేప్ అవ్వా." ఇ-సిగరెట్‌ను వేప్ అని కూడా అంటారు.

"వేపనా? వేప పొగ దోమలకు పెడ్తరు గదరా, నువ్వెందుకు పీలుస్తున్నవ్?"

నేను నవ్వుతుంటే చేతిలోంచి లాక్కుంది. నా కాయిల్ విప్పడానికి వీలున్న రకం. అడుగున ఉన్న పిన్ను లాగితే చిన్న రబ్బరు ముక్క వస్తుంది, దాని వెనక తీగచుట్ట, ఆ చుట్ట నడుమ పత్తి. అవ్వ పిన్నీసుతో ఆ పత్తిని బయటికి లాగింది. అంచులు గోధుమరంగు, నడుమ కాలిన అగ్గిపుల్లలా నలుపు. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలింది.

"ఇది ఒత్తి గదరా! మాడిన ఒత్తిని కడుగుతరా ఎవలన్న? తీసిపారేసి కొత్తది పెడ్తరు గని."

మీ ప్రశ్నకు జవాబు అదే. తీగ వేడెక్కుతుంది, పత్తి లిక్విడ్‌ను పీల్చి తీగకు అందిస్తుంది. అందించినంత సేపూ పత్తికి ఏమీ కాదు, దీపంలో నూనె ఉన్నంత సేపు ఒత్తి నిలిచినట్టే. లిక్విడ్ అందని ఒక్క క్షణంలో బటన్ నొక్కితే పత్తి మాడుతుంది. మాడిన దాన్ని ఏ నీళ్లూ మళ్లీ పత్తి చేయలేవు.

ఆ రోజు మేమిద్దరం కూర్చుని దానికి కొత్త ఒత్తి పెట్టాం. అవ్వ దేవుడి గూట్లోంచి ఒత్తుల పత్తి తెచ్చి, సన్నగా, బిగువుగా నులిమి ఇచ్చింది. తీగచుట్టలో ఇరికించి లిక్విడ్ చుక్క వేస్తే లోపలికి పోలేదు, తామరాకు మీద నీటిబొట్టులా పైనే నిలబడింది. పచ్చిపత్తి మీద సహజంగా మైనం ఉంటుంది. దీపంలో నూనె కాబట్టి దానికి అడ్డం లేదు. ఇ-సిగరెట్‌లో పోసే ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ నూనెలు కావు, నీళ్లలో కలిసే రకాలు, వాటిని ఆ మైనం తోసేస్తుంది. మందుల షాపులో దొరికే దూదిని ముందే శుద్ధి చేసి మైనం తీసేస్తారు. సైకిల్ మీద వెళ్లి ఒక చుట్ట తెచ్చాను.

ఈసారీ బిగించేశాను. లాగితే పొగ రాదు. అవ్వ చూసి, "గట్టిగ చుట్టిన బీడీ గుంజితే రాదు, వదులుగ చుడితే తంబాకు నోట్లకొస్తది. గిది గూడ గంతే" అని తనే చేసి పెట్టింది. తీగచుట్టలోంచి దూదిని అటూ ఇటూ జరిపితే తీగను ఒరుసుకుంటూ కదలాలి, కానీ తీగ వంగకూడదు. అంత బిగువు చాలు. యూట్యూబ్‌లో అరగంట వీడియోలు చూశాను, ఒక్కడూ ఇంత తేటగా చెప్పలేదు. మొదటి పదినిమిషాలు వాళ్ల చానెల్ గొప్పలే సరిపోతాయి.

దూది పెట్టే ముందు ఉత్త తీగను ఒకటి రెండు క్షణాల చొప్పున నొక్కి ఎర్రబడనిచ్చాను. నల్లటి పెచ్చు బూడిదై, పాత టూత్‌బ్రష్‌తో గీకితే రాలిపోయింది. ఇది కాంతల్ తీగకు, అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన తీగకే చేయండి. నికెల్, టైటానియం తీగలను అలా ఎర్రగా కాల్చకూడదు. కాయిల్ విప్పడానికి రాని రకమైతే ఇదంతా మరిచిపోయి మార్చేయండి.

అవ్వ కొత్త కాయిల్ ధర అడిగింది. పదిహేను దిర్హాములు, మన లెక్కలో మూడొందలకు కాస్త తక్కువ అన్నాను. "వెయ్యి బీడీలు చుట్టినా గంత రాదురా" అని మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది. నాకు ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

ఆ నల్ల పెచ్చు ఎందుకు వస్తుందంటే, నన్నడిగితే నూటికి తొంభై పాళ్లు తీపి వల్ల. మామిడి, ఐస్‌క్రీమ్, చాక్లెట్ అని అమ్మే లిక్విడ్లలో చాలావాటికి సుక్రలోజ్ లాంటి తీపి కలుపుతారు. అది ఆవిరి కాదు, తీగ మీదే మాడి పాకం అడుగంటినట్టు పేరుకుంటుంది. తీపి లేని పుదీనా రకం తాగినప్పుడు నా కాయిల్ మూడు వారాలు ఆగింది, మామిడి తాగితే వారం కూడా ఆగలేదు. ఇది నా ఒక్కడి లెక్కే, అయినా నాకు అనుమానం లేదు.

ఇదే రోగం నా పనిలోనూ చూస్తాను. ఫిల్టర్ ఆరు నెలలు కడగరు, దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది, చల్లగా లేదని ఫోన్ చేసి "గ్యాస్ అయిపోయినట్టుంది, కొట్టండి" అంటారు. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదండీ, ఎక్కడో లీకయితేనే తగ్గుతుంది. ఎండాకాలం వచ్చిందంటే ఇది రోజుకు నాలుగుసార్లు చెప్పాలి. వినరు. కడగాల్సింది కడగరు, మార్చాల్సింది కడుగుతూ కూర్చుంటారు.

మీ అటామైజర్‌లో కడగాల్సినవి మాత్రం కడగండి. నోట్లో పెట్టుకునే గొట్టం, గాజు, అడుగుభాగం విడదీసి గోరువెచ్చని నీళ్లతో కడిగి, రాత్రంతా ఆరనివ్వండి. సలసల మరిగే నీళ్లు పోస్తే రబ్బరు రింగులు పాడవుతాయి, తర్వాత కారుతోందని ఏడవాలి. ఐపీఏ వాడితే నాలాగా రెండు గంటలకే ముట్టించకండి, అది మంటంటుకునే సరుకు. వాసన పూర్తిగా పోయేదాకా, ఒక రోజైనా గాలికి వదిలేయండి. బ్యాటరీకి తగిలే బొడిపె మీద లిక్విడ్ జిగట పేరుకుంటుంది, దాన్ని పొడి ఇయర్‌బడ్‌తో తుడవండి. సగం రిపేర్లు అక్కడే అయిపోతాయి. కొత్త కాయిల్ వేశాక దూది మీద రెండు చుక్కలు వేసి, నింపి, పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలు ఆగలేకే అందరూ మొదటి గుక్కలోనే మాడ్చుకుంటారు.

లిక్విడ్‌లో నికోటిన్ ఉంటుంది, చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. చేతులకు కవర్లు వేసుకుని చేయండి, సీసా పిల్లలకు అందనివ్వకండి. ఇంకోటి, అందులో నూనెలు పోయకండి. మా గదిలో ఒకడు వాసన బాగుంటుందని అత్తరు చుక్క వేశాడు. నూనె ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా రావచ్చు. వాడికి ఏమీ కాలేదు, గది మాత్రం రెండు రోజులు పెళ్లిపందిరిలా గుబాళించింది.

కొత్త కాయిల్ ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని కూడా అడిగారు. అది నన్ను అడగకండి. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, ఆ డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. ఇ-సిగరెట్లు, వాటి విడిభాగాలు అమ్మడం, బయటి దేశం నుంచి తేవడం, నిల్వ పెట్టడం అన్నీ నేరమే. మొదటిసారి అమ్మి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దుబాయ్ నుంచి వచ్చే బావమరిదితో తెప్పిద్దామనుకుంటే, ఎయిర్‌పోర్ట్‌లో ఇరుక్కునేది ఆయన. నాది 2021లో వచ్చేసేటప్పుడు అక్కడే వదిలేశాను. ఇప్పుడు రోజుకు రెండు సిగరెట్లు, అవీ అవ్వకు తెలియకుండా.

ఆ రోజు మిగిలిన మందుల షాపు దూదిని అవ్వ వృథా చేయడమెందుకని ఒత్తులు చేసి గూట్లో దాచింది. కార్తీకమాసంలో వెలిగించి నాకు ఫోన్ చేసింది. "నీ దూది మంచిగ లేదురా, తొందరగ మాడిపోతున్నది" అని.