సభ్యత్వం కట్టే ముందు రెండేళ్ళు ఆగండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఉక్కునగరం. మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. సంక్రాంతి సెలవుల్లో మా బావమరిది కుటుంబంతో కలిసి ఉత్తరాఖండ్‌లోని ఔలీ వెళ్ళి, మంచు వాలు మీద జారే స్కీయింగ్ వారం రోజులు నేర్చుకుని వచ్చింది. అప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. అక్కడ పరిచయమైన ఒక జాతీయ స్కీ క్లబ్ వారు సభ్యత్వం తీసుకోమంటున్నారు. ఏటా రెండు శిబిరాలు ఉంటాయని, జాతీయ స్థాయి సర్టిఫికెట్ ఇస్తామని, దానితో ఇంజినీరింగ్‌లో స్పోర్ట్స్ కోటా సీటుకు, విదేశీ విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు బలం చేకూరుతుందని చెబుతున్నారు. మొదటి ఏడాదికి అన్నీ కలిపి లక్షన్నర దాకా అవుతుంది. చేరడం వల్ల లాభనష్టాలేమిటి? సర్టిఫికెట్‌కు విలువ ఉంటుందా? చదువు దెబ్బతింటుందా?

జవాబు: ద్వారకానగర్‌లోని నా గదికి ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు తీసుకువస్తారు, ఆట పేరు మాత్రమే మారుతుంది. ఒక ఏడాది రోలర్ స్కేటింగ్, మరో ఏడాది తెరచాప పడవలు, ఇంకో ఏడాది రైఫిల్ షూటింగ్. ఇప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న మన ఊరికి మంచు కూడా వచ్చింది. ఆట ఏదైనా అడిగేవారి మనసులోని భయం ఒక్కటే: ఇంతమంది పిల్లలు ఒకే పరీక్ష రాస్తుంటే నా బిడ్డ ఎక్కడ తేలుతుంది, ఆమెను మిగిలినవారి నుంచి వేరుచేసి చూపే కాగితం ఏదైనా ఉందా అన్నది. ఆ భయం సహజమైనదే. అయితే ఆ భయంతో సంతకం చేసిన దరఖాస్తులు చాలావరకు తప్పుడు దరఖాస్తులేనని నా అనుభవం. మీ అమ్మాయి భవిష్యత్తుకు ప్రస్తుతం ఏ ముప్పూ లేదు. వారం రోజులు మంచులో గడిపి ఉత్సాహంగా తిరిగివచ్చిన పదహారేళ్ళ పిల్ల దారి తప్పిన పిల్ల కాదు.

ముందుగా క్లబ్ అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. మన దేశంలో స్కీ క్లబ్బులు కొత్తవేమీ కావు. 1927లోనే బ్రిటిష్ అధికారులు కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. క్లబ్ అనేది కలిసి ఆడుకునేవారి సంఘం. శిక్షణ సంస్థ వేరు, క్రీడా సమాఖ్య వేరు. పేరులో 'జాతీయ' అన్న మాట ఉన్నంతమాత్రాన ఒక సంఘానికి జాతీయ జట్టును ఎంపిక చేసే అధికారం రాదు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య అయిన ఎఫ్‌ఐఎస్ నిర్వహించే పోటీల్లో పాల్గొనాలంటే క్రీడాకారుల పేర్లను ఆ దేశపు గుర్తింపు పొందిన సమాఖ్యే నమోదు చేయాలి. ఏ క్లబ్‌కూ నేరుగా పంపే అధికారం లేదు. కాబట్టి మీకు ఫోన్ చేస్తున్నవారిని అడగవలసిన మొదటి ప్రశ్న రుసుము గురించి కాదు. వారి శిబిరాల్లో జరిగే పోటీలకు జాతీయ సమాఖ్య గుర్తింపు ఉందా, ఉంటే ఆ ఉత్తరం నకలు పంపగలరా అని అడగండి.

ఇక సర్టిఫికెట్ సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో స్కీయింగ్ ఉన్న మాట నిజమే, బహుశా వారు దాన్నే చూపిస్తారు. అయితే ఆ కోటాకు పనికివచ్చే ధ్రువపత్రాలకు నిర్ణీత నమూనాలు ఉన్నాయి. అంతర్జాతీయ స్థాయికి ఒకటో ఫారం, జాతీయ స్థాయికి రెండో ఫారం, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు మూడో ఫారం, పాఠశాల క్రీడలకు నాలుగో ఫారం. వాటిపై సంతకం చేయవలసినది సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి, విశ్వవిద్యాలయం, విద్యాశాఖ వంటివారే. క్లబ్ అధ్యక్షుడి సంతకానికి ఆ నాలుగింటిలో ఎక్కడా చోటు లేదు. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశాలకు క్రీడా విభాగం కింద ఉన్నది కేవలం అర శాతం. ఆ అర శాతానికి వచ్చే పత్రాలను రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ ఒక్కొక్కటిగా పరిశీలిస్తుంది. మద్రాసు ఐఐటీ 2024లో ప్రారంభించిన క్రీడా ప్రతిభా ప్రవేశాల జాబితాలో క్రికెట్, చదరంగం, బ్యాడ్మింటన్ వంటివి ఉన్నాయి, స్కీయింగ్ లేదు. శిబిరానికి హాజరైనట్టు ఇచ్చే పత్రం హాజరుకు మాత్రమే సాక్ష్యం.

కొన్నేళ్ళ క్రితం మర్రిపాలెం నుంచి ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఆట వేరు, కథ ఇదే. మూడేళ్ళ పాటు ఒక సంఘానికి రుసుములు కట్టి, ఉత్తరాది శిబిరాలకు తిప్పి, బంగారు రంగు ముద్రలున్న ఏడు సర్టిఫికెట్లను ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని వచ్చారు. పరిశీలనలో ఏడింటినీ పక్కన పెట్టారు. ఆ తండ్రి డబ్బు గురించి బాధపడ్డారు. ఆ అబ్బాయి మాత్రం తల వంచుకుని, తాను నిజంగా గెలిచిన పోటీలు కూడా అబద్ధమేనా అని నన్ను అడిగాడు. అతనికి ఏమని జవాబు చెప్పాలో నాకు తోచలేదు. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ ఆ అబ్బాయే గుర్తుకువచ్చాడు.

విదేశీ విశ్వవిద్యాలయాల మాట మరింత జాగ్రత్తగా వినవలసినది. ఈ మధ్య మన ఊళ్ళో సాహస క్రీడలను 'ప్రొఫైల్' పేరుతో అమ్మడం ఒక ఒరవడిగా మారింది, దీనిపై నాకున్న అనుమానాన్ని దాచుకోను. దరఖాస్తులు చదివే అధికారులు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే వేల కాగితాలు చూస్తారు. ఆల్ప్స్ పర్వతాల పక్కన పుట్టి, మూడేళ్ళ వయసు నుంచి స్కీల మీద నిలబడ్డ పిల్లల దరఖాస్తులు కూడా వారి ముందు ఉంటాయి. ఏడాదికి రెండు వారాల శిబిరం ఆ వరుసలో ఏ స్థానంలో నిలుస్తుందో మీరే ఊహించండి. డబ్బు పెట్టి కొన్న అనుభవానికీ, ఏళ్ళ తరబడి పట్టుదలగా చేసిన పనికీ ఉన్న తేడాను గుర్తించడమే వారి వృత్తి. మీ అమ్మాయి పెదజాలారిపేట రేవులో ఏడాదిపాటు వారం వారం వలల కొలతలు, చేపల ధరలు రాసుకుని, అందులో తాను గమనించిన విషయాన్ని రెండు పేజీల్లో రాసినా, కొనుక్కున్న మంచు కంటే ఆ రెండు పేజీలకే ఎక్కువ బరువు ఉంటుందని నేను నమ్ముతున్నాను. పిల్లల ఇష్టాలను దరఖాస్తు ఫారంలోని గడులుగా మార్చడం నాకు అసలు నచ్చదు, ఎందుకంటే ఆ గడి నిండిన మరునాడే ఆ ఇష్టం చచ్చిపోవడం కళ్ళారా చూశాను.

స్కీయింగ్‌నే జీవనోపాధిగా ఎంచుకుంటే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మన దేశంలో మంచు కాలం సుమారు మూడు నెలలు. గుల్మార్గ్, టంగ్‌మార్గ్, జోషీమఠ్, మనాలీ పిల్లలు బడికి వెళ్ళే వయసులోనే వాలు మీద ఆడుకుంటారు; శిక్షకుల పనిలోనూ, పోటీల్లోనూ వారే మీ అమ్మాయికి ఎదురయ్యేది. వారితోపాటు సైన్యం, టిబెట్ సరిహద్దు కాపలా దళమైన ఐటీబీపీ జట్లు ఉంటాయి, వారికి అది ఉద్యోగంలో భాగం. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్ళిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్. గుల్మార్గ్ దగ్గర తండ్రి నడిపే స్కీ పరికరాల దుకాణమే ఆయనకు తొలి బడి, నాలుగేళ్ళ వయసులో మొదలుపెట్టారు. అయినప్పటికీ 2018 ఒలింపిక్స్ అర్హతకు కావలసిన నిధులు సమకూరక ఆగిపోయారు. చివరికి బీజింగ్‌లో జెండాల మధ్య మలుపులు తిరుగుతూ వాలు దిగే జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం పొందారు. దాన్ని చిన్నచూపు చూడకండి, ఆ వాలు మీద చాలామంది పరుగు పూర్తి చేయలేకపోయారు. 2018లో తుర్కియేలో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్‌ది మనాలీ దగ్గరి బురువా. వీరి ప్రతిభ వెనుక ఇంటి ముందున్న మంచు ఉంది. మన ఊరి పిల్లలు లంబసింగిలో గడ్డి మీద పేరుకున్న తెల్లటి మంచుపొరనే చూసి మురిసిపోతారు, పైగా దానికోసం కూడా అర్ధరాత్రి బయలుదేరాలి.

మంచు లేని ప్రాంతం నుంచి ఎవరూ రాలేదని మాత్రం అనను. కర్ణాటకలోని కాఫీ తోటల కొడగు నుంచి వచ్చిన భవానీ తెక్కడ నంజుండ, మంచు మీద దూరాలు సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో జాతీయ స్థాయి పతకాలు సాధించి అంతర్జాతీయ పోటీల దాకా వెళ్ళింది. క్రాస్ కంట్రీ విభాగంలో ఒక సౌలభ్యం ఉంది: చక్రాలున్న రోలర్ స్కీలతో మామూలు రోడ్డు మీద కూడా సాధన చేయవచ్చు. వాలు మీద జారే ఆల్పైన్ విభాగానికి ఆ సౌలభ్యం అంతగా లేదు. మీ అమ్మాయి ఔలీలో నేర్చుకున్నది ఈ రెండో రకమే అయి ఉంటుంది.

లాభాలు అడిగారు కనుక అవి కూడా చెబుతాను. మంచి క్లబ్ అయితే పరికరాలు తక్కువ అద్దెకు దొరుకుతాయి; కాలికి సరిపోని బూట్లు, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ల బిగింపు సరిగా లేకపోవడం మోకాలికి ఎంత ప్రమాదమో తెలిసినవారు పక్కన ఉంటారు; ఆడపిల్లను దూర ప్రాంతానికి పంపేటప్పుడు తెలిసిన బృందం ఉండటం తల్లిదండ్రులకు పెద్ద ఊరట. స్నేహాలు కూడా ఏర్పడతాయి, వాటిని నేను తక్కువగా లెక్కించను. అయితే నార్వేలోనో, ఆస్ట్రియాలోనో క్లబ్ అంటే ఇంటి నుంచి నడిచి వెళ్ళే వాలు, వారాంతపు సాధన. ఉక్కునగరంలో ఉన్నవారికి అది ఏడాదిలో రెండు ప్రయాణాలు. ఇక్కడి నుంచి ఢిల్లీకి ఒక రోజు దాటిన రైలు ప్రయాణం, అక్కడి నుంచి రిషికేశ్, ఆపైన సుమారు 250 కిలోమీటర్ల కొండదారి. అంత దూరం వెళ్ళాక మంచు ఉంటుందన్న హామీ కూడా లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు బోసిగా మిగిలాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడే జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. శిబిరం రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా అన్నది క్లబ్ వారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాద బీమాలో స్కీయింగ్ వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో మీరే చదవండి. చాలా పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి.

చదువు దెబ్బతింటుందా అన్నారు. క్యాలెండర్ చూస్తే జవాబు దొరుకుతుంది. జనవరి నుంచి మార్చి వరకు కొండల మీద మంచు, అదే మూడు నెలల్లో మన పిల్లలకు జేఈఈ, ప్రాక్టికల్స్, ఇంటర్ పరీక్షలు. ఈ రెండిటినీ వచ్చే ఏడాది ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఆమె రెండు చోట్లా సగం మనసుతోనే ఉంటుంది. క్లబ్ వారు చెప్పిన రెండు శిబిరాలు ఏ తేదీల్లో ఉన్నాయో మీరు ఇంకా అడగలేదని మీ లేఖ చూస్తే అర్థమవుతోంది.

ఇప్పుడు మీకు కాస్త కటువుగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. మీ లేఖలో సర్టిఫికెట్ ఉంది, కోటా ఉంది, లక్షన్నర ఉంది. మీ అమ్మాయికి అక్కడ ఏమి నచ్చిందో ఒక్క వాక్యం కూడా లేదు. వేగమా, కొండా, చలా, మొదటిసారి ఇంటికి దూరంగా తనంతట తాను ఒక పని నేర్చుకోవడమా? మీకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. పిల్లకు ఆనందం కలిగిన వెంటనే ఆ ఆనందం ఎన్ని మార్కులకు సమానమో లెక్క వేయడం మొదలుపెట్టారు. తండ్రిగా మీరు ప్రేమతోనే చేశారని తెలుసు, అయినా ఇది సరైన పని కాదు. మీరు వేసిన లెక్కలో ఆ క్లబ్ ఓడిపోతే ఆమె ఇష్టం కూడా ఓడిపోయినట్టే అని ఆమె అనుకుంటుంది.

నా సలహా ఇది. ఇప్పుడే సభ్యత్వం వద్దు. ఆట కూడా వద్దని మాత్రం చెప్పకండి. వుడా పార్కులో స్కేటింగ్ నేర్చుకోనివ్వండి. చక్రాలు ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ స్కేట్ల మీద వచ్చే సమతుల్యత స్కీయింగ్‌కు దగ్గరి చుట్టం. తెల్లవారుజామున వాహనాలు ఆపే బీచ్ రోడ్డు ఎలాగూ ఉంది. ఆదివారం ఉదయం సింహాచలం మెట్లదారి ఎక్కితే స్కీయింగ్‌కు కావలసిన తొడల బలం, ఊపిరి సమకూరుతాయి, మీరు కూడా ఆమెతో ఎక్కితే మరీ మంచిది. ఇంటర్ పూర్తయి డిగ్రీలోనో, ఇంజినీరింగ్‌లోనో చేరాక ఎన్‌సీసీలో చేరమనండి. పర్వతారోహణ, స్కీయింగ్ శిక్షణలకు క్యాడెట్లను పంపే పద్ధతి అక్కడ ఉంది, ఖర్చు కూడా మీ మీద పెద్దగా పడదు. అది కుదరకపోతే గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే భారత స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ వంటి ప్రభుత్వ సంస్థల్లో ప్రాథమిక కోర్సుకు దరఖాస్తు చేయండి. రెండు వారాలు క్రమశిక్షణతో, రోజంతా బరువైన బూట్లు మోస్తూ, పడుతూ లేస్తూ నేర్చుకున్న తరువాత కూడా ఆమెకు ఆ మంచు మీద ఇష్టం మిగిలితే, ఏ క్లబ్‌లో చేరాలో మీకంటే నాకంటే ఆమెకే బాగా తెలుస్తుంది.

క్లబ్ వారికి ఈ వారమే ఫోన్ చేసి, రెండేళ్ళ తరువాత చూస్తామని మర్యాదగా చెప్పండి. రాయితీ ఈ నెలాఖరుతో ముగుస్తుందని వారు తొందరపెడితే మీ నిర్ణయం సరైనదేనని గ్రహించండి. ఆ తరువాత రాత్రి భోజనం దగ్గర మీ అమ్మాయిని ఔలీ గురించి అడగండి, మధ్యలో సర్టిఫికెట్ ప్రస్తావన తేకుండా చివరిదాకా వినండి. ఇంకా సందేహాలు మిగిలితే మళ్ళీ రాయవచ్చు, కాకపోతే ఈసారి ఉత్తరం ఆమెను రాయమనండి.