ఎక్కువైన ఇనుము, రాగి ఎటు పోతాయి?

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్ళు. చాలాకాలంగా రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్ళే తాగుతున్నారు. ఈమధ్య నీరసంగా ఉందని ఐరన్ మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకుంటున్నారు. ఎక్కువైనదంతా మూత్రంలో పోతుందని ఆమె నమ్మకం. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ రెండు లోహాల్లో ఏదీ చెప్పుకోదగినంతగా మూత్రంలో పోదు. రాగి బయటికి పోవడానికి వేరే దారి ఉంది కానీ, ఇనుముకు అదీ లేదు. పేగుల నుంచి, చర్మం నుంచి రాలిపోయే కణాలతో రోజుకు సుమారు 1 మిల్లీగ్రాము ఇనుము పోతుంది; నెలసరి ఉన్నంతకాలం స్త్రీలలో మరికొంత పోతుంది, మీ అమ్మగారి వయసులో అదీ ఉండదు. అందువల్ల శరీరం ఇనుమును లోపలికి వచ్చే చోటనే అదుపు చేస్తుంది. నిల్వలు పెరిగినప్పుడు కాలేయం విడుదల చేసే హెప్సిడిన్ అనే హార్మోను, చిన్నపేగు కణాల నుంచి ఇనుము రక్తంలోకి దాటకుండా అడ్డుకుంటుంది. అక్కడే ఆగిపోయిన ఇనుము, ఆ కణాలు కొద్ది రోజుల్లో రాలినప్పుడు మలంతో పోతుంది. అయితే ఈ అదుపు అందరిలోనూ సరిగా పనిచేయదు. పుట్టుకతోనే అది లోపించినవారిలో ఇనుము ఏళ్ళ తరబడి కాలేయంలోను, గుండెలోను, క్లోమంలోను పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. తలసీమియా (పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని వ్యాధి) ఉన్న పిల్లలకు ఎక్కించే ఒక్కో యూనిట్ రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పేగుల ప్రమేయమే లేకుండా లోపలికి చేరుతుంది కనుక, దాన్ని బయటికి పంపడానికి వారు ప్రత్యేకంగా మందులు వాడవలసి వస్తుంది.

రాగి సంగతి వేరు. కాలేయం తనకు చేరిన రాగిలో కావలసినంత ఉంచుకుని, మిగిలినదాన్ని పైత్యరసంలో కలిపి పేగుల్లోకి వదులుతుంది. 1912లో వివరించిన విల్సన్ వ్యాధిలో జన్యులోపం వల్ల ఈ పని సాగక, రాగి కాలేయంలోను, మెదడులోను పేరుకుంటుంది. కాలేయం ఆరోగ్యంగా ఉన్నవారికి బిందె నీళ్ళతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. మజ్జిగ, నిమ్మరసం, పులుసు మాత్రం కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో ఉంచకూడదు. పులుపుకు రాగి ఎక్కువగా కరిగి, వికారం, వాంతులు వస్తాయి.

నాకు ఆందోళన కలిగిస్తున్నది మాత్రల విషయమే. నీరసానికి కారణం ఇనుము లోపమేనని ఇంకా తేలలేదు. హీమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలను తెలిపేది) పరీక్షలు చేయించేవరకు ఆమెను మాత్రలు ఆపమనండి. ఫెరిటిన్ తక్కువని తేలినా మళ్ళీ మాత్రలతో సరిపెట్టుకోవద్దు. నెలసరి ఆగిన వయసులో ఇనుము తగ్గిందంటే జీర్ణాశయంలోనో, పేగుల్లోనో రక్తం పోతూ ఉండవచ్చు, దాన్ని వైద్యులు వెతికి తీరాలి.