నాటు పందులన్నింటినీ సంకరం చేయవద్దు

ప్రశ్న: తాతల కాలం నుంచి నల్ల నాటు పందులు పెంచుతున్నాం. ఇప్పుడు పది తల్లి పందులు, మా మందలోనే పుట్టిన ఒక మగపంది ఉన్నాయి. రెండేళ్లుగా ఈతకు నాలుగైదు పిల్లలే వస్తున్నాయి, అవీ బలహీనంగా ఉంటున్నాయి. యార్క్‌షైర్ అనే విదేశీ జాతి మగపందిని తెచ్చి అన్నింటినీ దాటించమంటున్నారు. దాటించవచ్చా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: అన్నింటినీ మాత్రం దాటించవద్దండి. తరాలుగా కాపాడుకున్న విత్తనం ఒక్క ఏడాదిలో చేజారిపోతుంది. నాటు పంది అంటే తక్కువ పిల్లలనుకోవడం సరికాదు. ఉత్తర బెంగాల్ ఘుంగ్రూ కూడా నాటు జాతే, పెద్ద ఈతలకు దానికి మంచి పేరుంది. మీ మందలో మగపంది తన తోబుట్టువులను, కూతుళ్లను కూడా దాటుతూ ఉండి ఉంటుంది. తండ్రీకూతుళ్ల కలయికలో పుట్టిన పిల్లకు సగటున నాలుగో వంతు జన్యువుల్లో రెండు ప్రతులూ తండ్రిలోని ఒకే ప్రతికి నకళ్లు అవుతాయి. దాగిన లోపాలు అప్పుడే బయటపడతాయి. నులిపురుగులు, చూలులో మేత చాలకపోవడం, బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి వల్ల కూడా ఇలా జరగవచ్చు కాబట్టి మలం, రక్తం పరీక్ష చేయించండి.

ముందు మగపందిని మార్చండి. మీ పందులతో సంబంధం లేని నాటు మగపందిని దూరపు మంద నుంచి తెచ్చుకోండి. చూలు 114 రోజులు, పుట్టిన ఆడపిల్ల ఎనిమిది నెలలకు ఎదకు వస్తుంది. అంటే దాదాపు ఏడాదికే కొత్త మగపంది కూతుళ్లు ఎదకొస్తాయి. అప్పటికల్లా దాన్ని మరో రైతు మగపందితో మార్చుకోవాలి. పిల్లల చెవులకు గుర్తులు పెట్టి, ఏది ఎవరి సంతానమో రాసుకోండి.

త్వరగా పెరిగే పిల్లలు కావాలంటే రెండు మూడు తల్లులనే యార్క్‌షైర్‌తో దాటించి, ఆ పిల్లలన్నింటినీ మాంసానికే అమ్మండి. తిరుపతిలో రూపొందించిన టి-17 సంకర పందిలో 75 శాతం యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తం ఉంది. నాటు మందలు లేకుంటే రేపు అలాంటి సంకరాలకు ఆ పాతిక శాతం ఎక్కడి నుంచి వస్తుంది? 2012 నుంచి 2019 పశుగణన నాటికే దేశంలో పందులు 12 శాతం తగ్గాయి.

కొత్త మగపందిని నెల రోజులు విడిగా కట్టండి. 2020లో మన దేశంలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వైరస్ జబ్బుకు చికిత్స లేదు. సోకితే మంద మొత్తం పోవచ్చు. హోటళ్ల వ్యర్థాలను బాగా మరిగించకుండా పెట్టవద్దు. రెండు మూడు తల్లి పందులను వేరే ఊళ్లోని బంధువుల దగ్గర ఉంచండి, ఒకచోట రోగం వచ్చినా విత్తనం మిగులుతుంది.